స్కానింగ్‌కి ముందు చేయాల్సిన పని

"రోజుకి ఎన్ని పేజీలవుతాయండీ?"

పాత కాగితాలు స్కాన్ చేయించాలనుకునేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది ఇదే. స్కానర్ దగ్గర కూర్చునే అబ్బాయిని అడిగితే ఠక్కున ఒక లెక్క చెప్తాడు. నన్నడిగితే మాత్రం కట్ట విప్పి చూడనిదే చెప్పలేను. నేను చేసేది స్కానింగ్ కాదు, దానికి ముందు పని. కట్టల ముడులు విప్పాలి, దుమ్ము దులపాలి, తుప్పు పట్టిన గుండుసూదులు తీయాలి, మడతలు సాపు చేయాలి, చిరుగులు అతకాలి. ఆ తర్వాతే కాగితం కెమెరా కిందికి వెళ్లాలి. బొమ్మ తీయడం నిమిషంలో అయిపోతుంది. ఆ ఒక్క నిమిషం కోసం కొన్ని కాగితాలకు గంటలు పడుతుంది, కొన్నిటికి పూట పడుతుంది. ఖర్చుల పట్టీలో అందరూ కొట్టేసేది కూడా ముందుగా ఈ పద్దునే.

కొట్టేస్తే ఏమవుతుందో ఇంటర్నెట్‌లో పాత తెలుగు పుస్తకాలు చదివేవాళ్లకు తెలుసు. పేజీ మధ్యలో నల్లటి చారలు, కుట్టు లోపలికి పోయి సగమే కనిపించే పాదాలు, మడత కింద దాగిపోయిన రెండేసి పంక్తులు కనిపిస్తాయి. ఆ కాగితాన్ని మళ్లీ ఎవరూ స్కాన్ చేయరు. ఆ రోజు కాగితం ఏ స్థితిలో ఉందో ఆ స్థితే చదువరికి శాశ్వతంగా మిగులుతుంది.

ఈ మధ్య ప్రకాశం జిల్లాలో ఒక కరణంగారి ఇంటి కాగితాల పని చేశాను. 1984 జనవరిలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. సర్కారుకు అప్పగించాల్సిన రికార్డులు అప్పగించేశారు. సొంతానికి రాసుకున్న నకళ్లు, కుటుంబ దస్తావేజులు, అర్జీల ప్రతులు, పాత తాఖీదులు మాత్రం చాలా ఇళ్లలో అటకమీదే ఉండిపోయాయి. ఈ ఇంట్లో అవి ఒక భోషాణంలో ఉన్నాయి. పైనున్నవి పొగచూరాయి. మధ్యలోవి పదిలంగానే ఉన్నాయి. అడుగున గోడవైపున్న కట్టల్ని చెదలు తినేశాయి. తాళం తీసిచ్చిన ఇంటి పెద్దావిడ, "ఏమ్మా, ఇవింక దేనికన్నా పనికొస్తాయంటావా? చిత్తుకాగితాలవాడికి ఇచ్చేద్దామని మావాళ్లు ఒకటే పోరు" అంది. "ఇవ్వకండి పిన్నిగారూ, ముందు చూడనివ్వండి" అన్నాను.

పనికొస్తాయి. అడంగల్ నకలు చూస్తే ఏ ఏట ఏ చేలో ఏం పండిందో తెలుస్తుంది. ఏ చెరువు కింద ఎంత మాగాణి సాగయింది, ఏ కులంవాళ్లు ఏ వీధిలో ఉన్నారు, ఏ కరువులో శిస్తు మాఫీ కోసం ఎవరు అర్జీ పెట్టుకున్నారు, ఇవన్నీ అచ్చు పుస్తకాల్లో దొరకవు. ఊరి చరిత్ర రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఏముంటుంది?

అయితే ఇవి చదవడం తేలిక కాదు. కరణాల రాత గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరాన్ని అక్షరంతో కలిపేసి రాస్తారు. చదవగలిగినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. దానికి తోడు పాత లెక్కల్లో భిన్నాలకు గీతలే గుర్తులు. నిలువు గీత పావు, అడ్డగీత వీసం. ఇప్పుడు ఆలోచించండి. కాగితం మడత అలాగే ఉండగా పక్కనుంచి వెలుతురు పడితే మడత నీడ ఒక సన్నని గీతలా బొమ్మలోకి ఎక్కుతుంది. పురుగు తొలిచిన సన్నని బాట కూడా గీతలాగే కనిపిస్తుంది. ఎకరాల లెక్కలో లేని వీసం వచ్చి చేరుతుంది, లేదా ఉన్న పావు దుమ్ము మరక కింద మాయమవుతుంది. కాగితాన్ని సాపు చేసి, శుభ్రం చేసి తీయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. బొమ్మ అందంగా రావడానికి కాదు, చదువు తప్పు పోకుండా ఉండడానికి.

పని మొదలుపెట్టేముందు కాగితం ఏ జాతిదో, సిరా ఏ జాతిదో చూడాలి. పాతకాలపు కాగితం చింకిగుడ్డలు నానబెట్టి, దంచి, గుజ్జు చేసి తీసింది. మన దగ్గర మహబూబ్‌నగర్ వైపు కోయిలకొండలో ఇలాంటి చేతికాగితం తయారయ్యేది. గుడ్డపీచు పొడుగ్గా, గట్టిగా ఉంటుంది కనుక ఆ కాగితం వందల ఏళ్లు నిలుస్తుంది. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో 1406 నాటి బహమనీ సుల్తాను ఫిరోజ్ షా కాలపు పత్రం ఇప్పటికీ ఉంది. 1840ల్లో జర్మనీలో కొయ్యను అరగదీసి గుజ్జు చేసే పద్ధతి వచ్చాక కాగితం చౌకయింది, ఆయుష్షు తగ్గింది. కొయ్యలోని లిగ్నిన్ వెలుతురుకి పసుపెక్కుతుంది. సిరా పాకకుండా కాగితానికి పట్టించిన పటిక మెల్లగా ఆమ్లంగా మారి పీచును లోపలినుంచి తెంపేస్తుంది. అందువల్ల కంపెనీ నాటి దస్తావేజు చేతిలో మెత్తగా వంగుతుంటే, దానికంటే నూరేళ్లు చిన్నదైన వార్తాపత్రిక మడత దగ్గర అప్పడంలా విరిగిపోతుంది. 1940ల్లో యుద్ధపు కరువులో అచ్చయిన పుస్తకాలు మరీ అన్యాయం. వయసునుబట్టి కాగితం బలాన్ని అంచనా వేయకూడదు.

సిరా సంగతి ఇంకా ముఖ్యం. దీపపు మసిలో తుమ్మజిగురు కలిపి చేసిన నల్లసిరా వెలుతురుకి చెక్కుచెదరదు, కాని నీళ్లు తగిలితే కదిలిపోవచ్చు. రెండోది మాచికాయ కషాయంలో అన్నభేది కలిపి చేసే సిరా. కచేరీల్లో వాడిన బ్లూబ్లాక్ సిరా ఈ జాతిదే. రాసినప్పుడు లేతగా ఉండి గాలికి నల్లబడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది. అందులోని ఆమ్లం, మిగులు ఇనుము కలిసి కాగితాన్ని కాల్చేస్తాయి. సిరా దట్టంగా పడిన చోట అక్షరం ఆకారంలోనే చిల్లి పడుతుంది. అలాంటి కాగితాన్ని తడిపితే ఇనుము అక్షరం దాటి చుట్టుపక్కలకి కూడా పాకుతుంది, కాగితం మరింత చెడుతుంది. మూడోది ఊదారంగు కాపీయింగ్ పెన్సిల్. చూడటానికి మామూలు పెన్సిల్ రాతలా ఉంటుంది, తడి తగిలిందంటే ఊదా మరకైపోతుంది. రబ్బరు ముద్రల రంగూ అంతే. ఒక మూల, ఎవరికీ అక్కరలేని చుక్క మీద సన్నని కుంచెతో ఒక్క బొట్టు నీరు పెట్టి, అద్దుడు కాగితంతో అద్ది చూడనిదే నేను ఏ కాగితానికీ తడి తగలనివ్వను.

ఇక దుమ్ము. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని ఎక్కువ పని ఇక్కడే. దుమ్ము నిమ్మును పీలుస్తుంది, బూజుకి ఆధారమవుతుంది, స్కానర్ అద్దం మీద పడితే ఆ తర్వాతి పేజీలన్నిటి మీదా కనిపిస్తుంది. మెత్తని మేకవెంట్రుకల కుంచెతో మధ్యనుంచి అంచులవైపు తుడుస్తాం. మసి పట్టినవాటికి పొడి రబ్బరు స్పాంజి వాడతాం. పెన్సిల్ రాతలున్న చోట రబ్బరు ముట్టించం. బూజున్న కట్టల్ని వేరుగా, ఆరుబయట, ముక్కుకి ఎన్-95 మాస్కు కట్టుకునే విప్పాలి. గతంలో పురుగుకని రికార్డుల మీద డీడీటీ లాంటి పొళ్లు చల్లారు. ఆ పొడి ఇంకా మడతల్లోనే ఉంటుంది. కట్ట విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసే అలవాటు పుస్తకప్రియుల్లో చాలామందికి ఉంది. దయచేసి మానండి. నాఫ్తలీన్ ఉండలు కూడా మంచివి కావు.

పురుగు ఇంకా బతికి ఉందనిపిస్తే మందు కొట్టక్కర్లేదు. కట్టను ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 20 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్లో ఒకటి రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక సంచి పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా విప్పకూడదు. తొందరపడితే చల్లటి కాగితం మీద చెమ్మ పడుతుంది.

గుండుసూదుల్ని లాగేయకూడదు. తుప్పు పట్టిన సూది కాగితాన్ని పట్టేసి ఉంటుంది, లాగితే మూల ఊడి వస్తుంది. కాగితానికీ సూదికీ మధ్య సన్నని పాలిస్టర్ రేకు దూర్చి, కొంచెం కొంచెంగా లేవనెత్తి వదిలించాలి. పురికొస ముడుల్ని కత్తిరించడమే మేలు. అయితే ఆ కట్టలో ఏ కాగితం తర్వాత ఏ కాగితం ఉందో ఆ వరస చెడకూడదు. కరణంగారు ఒక అర్జీని, దాని మీద వచ్చిన హుకుంను, ఒక రసీదును కలిపి కుట్టారంటే ఆ మూడింటికీ సంబంధం ఉంది. సూది తీసేసినా ఆ సంబంధం నిలవాలి. అందుకని విప్పేటప్పుడే మెత్తటి పెన్సిల్‌తో, రాత లేని మూలలో, సన్నగా అంకె వేస్తాం. బాల్‌పెన్ను మా బల్ల దగ్గరికి రానివ్వం.

మడతల్ని బలవంతంగా విప్పితే పీచు తెగుతుంది. కాగితాన్ని మూత ఉన్న తొట్టిలో, తడి అద్దుడు కాగితానికి నేరుగా తగలకుండా, పైన ఉంచితే గాలిలోని చెమ్మకే మెల్లగా మెత్తబడుతుంది. అప్పుడు విప్పి పొడి అద్దుడు కాగితాల మధ్య బరువు పెట్టి ఆరబెడతాం. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఎనభై ఏళ్లుగా నాలుగు మడతల్లో ఉన్న కాగితం గంటల తరబడి చెమ్మ తాగి, చెయ్యి తగలగానే తనంతట తాను పరుచుకుంటుంది.

అతుకులకు జపాన్ కాగితం వాడతాం. కోజో అనే చెట్టు పట్ట పీచుతో చేస్తారు. బాగా సన్నని రకం చదరపు మీటరుకి 1.6 గ్రాములే తూగుతుంది. అక్షరాల మీద వేసినా చదువుకోవచ్చు. 1966 నవంబరులో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరాన్ని వరద ముంచెత్తి లక్షల పుస్తకాలు బురదపాలైనప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వెళ్లిన నిపుణులు ఈ జపాన్ కాగితం విలువ గ్రహించారు. చిరుగు వెనకవైపు, కత్తిరించకుండా చేత్తో చింపిన పట్టీని గోధుమ పిండిలోంచి తీసిన గంజితో అతికిస్తాం. చింపిన అంచున పీచు బయటికి ఉంటుంది కనుక అతుకు దగ్గర గట్టు ఏర్పడదు. మన బైండింగ్ షాపుల్లో మైదా పిండికి మైలుతుత్తం కలిపి ఉడికిస్తారు. పురుగు రాకపోవచ్చు గాని అందులోని రాగి కాగితాన్ని చెరుస్తుంది. అన్నభేది సిరా ఉన్న చోట గంజిలోని నీరు కూడా ప్రమాదమే. అక్కడ జెలటిన్ ముందే పట్టించి ఆరబెట్టిన టిష్యూని అతి కొద్ది చెమ్మతో అతికిస్తాం.

ఇక్కడ ఒక మాట. స్కానింగ్ కోసం చేసే మరమ్మతుకీ, సంపూర్ణ మరమ్మతుకీ తేడా ఉంది. కాగితాన్ని మొత్తం విప్పి, కడిగి, ఆమ్లం తీసి, కొత్త అట్ట కట్టడం ఈ దశలో అవసరం లేదు. కెమెరా కిందికి వెళ్లి వచ్చేదాకా చిరుగు పెద్దది కాకూడదు, అక్షరం మీద ఏదీ అడ్డు ఉండకూడదు, రాలే ముక్క రాలకూడదు. అంతవరకు చేసి ఆగాలి. వందల కట్టలుండి చేతులు నాలుగే ఉన్నప్పుడు ఒక్క కట్టను కొత్తదానిలా చేయడం కంటే అన్నిటినీ నిలబెట్టడం ముఖ్యం. మరొకటి, చేసిందేదైనా రేపు ఇంకొకరు విప్పగలిగేలా ఉండాలి.

ఈ నియమం ఎంత ఖరీదైన అనుభవంతో వచ్చిందో మన రికార్డు గదుల్లోనే చూడొచ్చు. ఒకప్పుడు బలహీనమైన పత్రాలకు రెండు వైపులా పట్టు షిఫాన్ అంటించేవారు. తర్వాత సెల్యులోజ్ అసిటేట్ పొర వచ్చింది. అమెరికాలో వేడి యంత్రాలతో చేసే ఆ పనిని, యంత్రం లేకుండా అసిటోన్‌తో చేత్తోనే చేసే పద్ధతిని ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్‌లో రూపొందించారు. అప్పట్లో అది లేకపోతే వేల పత్రాలు పొడిగా మిగిలేవి, కనుక ఆ పని చేసినవాళ్లను నేను గౌరవిస్తాను. కాని పట్టు పెళుసెక్కుతుంది. అసిటేట్ కాలక్రమాన విడిపోయి ఆమ్లం వదులుతుంది, పుల్లటి వాసన వస్తుంది. కెమెరా ముందు ఆ పొర తళతళలాడి అక్షరాన్ని మింగేస్తుంది. లైట్ల కోణం మార్చి, పోలరైజింగ్ ఫిల్టర్లు పెట్టి తీయాలి.

ఈనాటి ల్యామినేషన్ మాత్రం క్షమించరానిది. జిరాక్సు షాపులో తాతగారి దస్తావేజును వేడి ప్లాస్టిక్ మధ్య పెట్టి నొక్కించేస్తున్నారు. ఆ జిగురు పీచులోకి దిగిపోతుంది. తీయబోతే కాగితం కూడా వస్తుంది. సెల్లోటేపు సంగతీ అంతే. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోతుంది, పసుపు జిగురు మాత్రం అక్షరాల మీద ఉండిపోతుంది.

కెమెరా దగ్గరికొచ్చాక కూడా కాగితం గురించే ఆలోచించాలి. ఆఫీసుల్లో ఉండే, కాగితాన్ని లోపలికి లాక్కునే యంత్రంలో పాతది పెట్టనే కూడదు. పైనుంచి తీసే కెమెరా, రెండు పక్కలా లైట్లు, పుస్తకమైతే పూర్తిగా పరవకుండా ఆనించే వాలుపీట ఉండాలి. పురుగు తొలిచిన పేజీ కింద విడికాగితం పెట్టకపోతే చిల్లుల్లోంచి కింది పేజీ అక్షరాలు పైకొచ్చి అర్థం తారుమారవుతుంది. అవతలి వైపు సిరా దిగిన కాగితం కింద నల్లకాగితం పెడితే ఆ నీడలు తగ్గుతాయి. రంగుల్లోనే తీయాలి. ఫైలు చిన్నదవుతుందని నలుపు తెలుపులో తీస్తే మరక, అక్షరం రెండూ ఒకే నలుపవుతాయి. రంగుల్లో సిరా గోధుమగా, మరక పసుపుగా విడిపోయి కనిపిస్తాయి. అంగుళానికి 400 చుక్కల స్పష్టత, కుదించని టిఫ్ ఫైలు భద్రపరచడానికి, చిన్న జేపెగ్ చదువుకోవడానికి. ఫైలు పేరులో కట్ట అంకె, కాగితం అంకె ఉండాలి. రెవెన్యూ కాగితాల మీద ఫసలీ సంవత్సరం ఉంటే దానికి 590 కలిపి ఇంగ్లీషు సంవత్సరం కూడా పక్కన రాయాలి. ఫసలీ 1330 అంటే 1920 జూలైలో మొదలైన ఏడాది. ఇది రాసి పెట్టకపోతే తర్వాత వెతికేవాళ్లకు ఆ కాగితం ఉన్నా లేనట్టే.

ఇంత చేశాక అందరూ అనే మాట: "స్కాన్ అయిపోయింది కదా, ఇంక అసలు కాగితం ఎందుకు?"

దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరుల వంటివారి సాయంతో కల్నల్ కాలిన్ మెకంజీ ఊరూరా సేకరించిన కైఫియత్తులు (గ్రామ వృత్తాంతాలు) ఆయన 1821లో చనిపోయాక మెల్లగా శిథిలమయ్యాయి. సి.పి. బ్రౌన్ పూనుకుని వాటికి నకళ్లు రాయించాడు. లోకల్ రికార్డ్స్ అని పిలిచే ఆ సంపుటాలు లేకపోతే మన గ్రామ చరిత్రలో ఎంతో భాగం మనకు చేరేదే కాదు. ఆ కాలానికి అదే స్కానింగ్. కాని నకలు రాసినవాడికి అర్థంకాని చోట ఏం జరిగిందో తెలుసుకోవాలంటే అసలు ప్రతే కావాలి. అది పోయిన చోట ఇక దారి లేదు.

ఈనాటి డిజిటల్ బొమ్మకీ అదే పరిమితి ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు కాగితాల్లో చాలావాటికి తయారైన సంవత్సరం నీటిముద్రలో ఉంటుంది. 1805 నాటిదని చెప్పే దస్తావేజును దీపానికెత్తి చూస్తే 1812 కనిపించిందంటే అది నకలో, దొంగ పత్రమో అయి ఉండాలి. మామూలు స్కానింగులో నీటిముద్ర కనిపించదు. కలం ఎక్కడ ఒత్తి నడిచిందో, ఏ అక్షరం గీకి తిరగరాశారో కాగితమే చెప్తుంది.

కాబట్టి స్కాన్ అయ్యాక కాగితాన్ని మళ్లీ పురికొసతో బిగించి అదే భోషాణంలో పడేస్తే పని సగమే అయినట్టు. ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్లో, అట్టపెట్టెలో, నేలకి జానెడు ఎత్తున, గోడకి ఎడంగా పెట్టాలి. గాలిలో తేమ 65 శాతం దాటిన చోట బూజుకి అవకాశం మొదలవుతుంది, కోస్తాలో వానాకాలమంతా అలాగే ఉంటుంది. ఖరీదైన ఏసీ లేకపోయినా గాలి ఆడే గది, వానాకాలం పోయాక ఒకసారి విప్పి చూసే మనిషి ఉంటే చాలు. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గది కంటే ఇదే నయం, ఆ హెచ్చుతగ్గులు కాగితానికి మరీ చేటు.

ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత పత్రికల్ని స్కాన్ చేయించి అందరికీ చదువుకునే వీలు కల్పించింది. 2025 కేంద్ర బడ్జెట్లో కోటికి పైగా రాతప్రతుల కోసం జ్ఞానభారతం పథకాన్ని ప్రకటించారు. పెద్ద సంస్థలకు దారులున్నాయి. ఊరి గ్రంథాలయాలకు, ఇళ్లలోని భోషాణాలకు మీరే దిక్కు. అటక మీద కాగితాలుంటే ల్యామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి, ఎండబెట్టకండి. ఉన్న వరస చెదరకుండా శుభ్రమైన తెల్లని నూలుగుడ్డలో వదులుగా చుట్టి, నేలకి ఎడంగా పెట్టండి. ఎవరైనా స్కాన్ చేస్తామని వస్తే మూడు విషయాలు అడగండి: ముందు కాగితాన్ని ఎవరు సిద్ధం చేస్తారు, అసలు కాగితాలు తిరిగి ఎప్పుడిస్తారు, ఫైళ్ల ప్రతి మీకు ఇస్తారా లేదా. మూడిటికీ రాతపూర్వకంగా జవాబు వచ్చాకే కట్ట చేతికివ్వండి.